కోత జుట్టు లోపలా, అంచు వెంటా?

ప్రశ్న: మాది అనంతపురం. నాకు 56 ఏళ్లు. ఉపాధ్యాయినిగా పనిచేసి ముందుగానే విరమణ తీసుకున్నాను. కొన్నేళ్లుగా దవడల వెంట చర్మం జారిపోయింది, గడ్డం కింద మడతలు వేలాడుతున్నాయి. ఫేస్‌లిఫ్ట్ చేయించుకోవాలని బెంగళూరులో ఇద్దరు సర్జన్లను కలిశాను. కణత దగ్గర కోత జుట్టు లోపల పెడతాను, ఎవరికీ కనిపించదు అని ఒకరు చెప్పారు. జుట్టు మొదలయ్యే అంచు వెంటే పెట్టాలి, లోపల పెడితే బాగుండదు అని రెండోవారు అన్నారు. ఒకే ముఖానికి రెండు మాటలైతే ఎవరిని నమ్మాలి? నేను ఎప్పుడూ జుట్టు వెనక్కి దువ్వి జడ వేసుకుంటాను. చిన్నప్పుడు చెవికి రెండో పోగు కుట్టించుకుంటే గడ్డ లేచింది, అందుకే మచ్చ అంటే భయం. వచ్చే ఏడాది మా అమ్మాయి పెళ్లి. పెళ్లయ్యాక తిరుమలలో తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. మా వారు తన మెడ సంగతి కూడా అడగమన్నారు.
– పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు

సమాధానం: ఇద్దరిలో ఎవరూ మీకు అబద్ధం చెప్పలేదమ్మా. మచ్చను ఎక్కడ దాచాలా అని మొదటివారు చూశారు. చర్మం జరిగాక జుట్టు ఎక్కడికి చేరుతుందా అని రెండోవారు చూశారు. ప్లాస్టిక్ సర్జన్‌గా నన్ను అడిగితే, ముందు తేల్చుకోవలసింది రెండో సంగతే. ఎందుకో వివరంగా చెబుతాను. అది అర్థమైతే ఎవరిని నమ్మాలన్నది మీరే తేల్చుకోగలరు.

ఫేస్‌లిఫ్ట్‌లో చెంప చర్మాన్ని కింది పొర నుంచి విడదీసి పైకి, కొంచెం వెనక్కి జరుపుతారు. మిగిలిన చర్మాన్ని కోత దగ్గర కత్తిరించి కుడతారు. కోత జుట్టు లోపల ఉంటే, కత్తిరించి తీసేసే ముక్కలో జుట్టు కూడా ఉంటుంది. దాని కింద ఉన్న జుట్టు అంచు చర్మంతో పాటు పైకి, వెనక్కి జరుగుతుంది. కోత జుట్టు అంచు వెంట ఉంటే, తీసేసేది జుట్టు లేని చర్మాన్ని మాత్రమే. అంచు కదలదు, కాకపోతే దాని పక్కన ఒక సన్నని గీత మిగులుతుంది. అంచున్న గుడ్డను రవికెకు కత్తిరించేటప్పుడు అంచు ఎక్కడికి వస్తుందో చూసుకోకుండా టైలరు కత్తెర పెట్టడు కదా, ఇదీ అంతే.

ఇక మీరే ఆలోచించండి. అంచు వెంట ఉన్న గీత మీకు దగ్గరగా కూర్చుని వెతికినవారికి కనిపిస్తుంది. కణత దగ్గర జుట్టు వెనక్కి పోయి, చెవి ముందు ఉండవలసిన కుచ్చు మాయమైతే టవర్ క్లాక్ దగ్గర రోడ్డు దాటుతూ ఎదురుపడినవారికీ కనిపిస్తుంది. ఏం జరిగిందో వాళ్లు చెప్పలేకపోవచ్చు, ఈ ముఖంలో ఏదో తేడా ఉందని మాత్రం అనిపిస్తుంది. పోయిన జుట్టు అంచును మళ్లీ తేవాలంటే జుట్టు మార్పిడి చేయించుకోవడం తప్ప దారి లేదు. గీతను ఏడాదిలో కాలమే చాలావరకు పలచన చేస్తుంది.

అలాగని అందరికీ అంచు వెంటే కోయాలని కాదు. కంటి బయటి కొస నుంచి కణత జుట్టు మొదలయ్యే చోటి వరకు ఎంత దూరం ఉందో సర్జన్లు కొలుస్తారు. వయసులో ఉన్నవారిలో అది సాధారణంగా 5 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. మీకు ఇప్పుడు 4 ఉండి, చర్మం కొద్దిగానే జరగవలసి ఉంటే, జుట్టు లోపల కోసినా ఆ హద్దు దాటదు. అప్పుడు మొదటి సర్జన్ చెప్పిందే మేలు. ఇప్పటికే 5 ఉంటేనో, చర్మం బాగా జారి రెండు మూడు సెంటీమీటర్లు పైకి జరపవలసి ఉంటేనో, అంచు వెంట కోయాలన్నవారిది సరైన మాట. కణతల దగ్గర జుట్టు పలచబడినవారికి, ఇంతకుముందు ఒకసారి ఫేస్‌లిఫ్ట్ అయినవారికి కూడా దాదాపు ఎప్పుడూ అంచు వెంటే పెట్టాలి. ముట్లు ఆగిన తర్వాత కణతల దగ్గర జుట్టు పలచబడటం చాలామందిలో చూస్తాం కాబట్టి మీరు అద్దంలో ఒకసారి చూసుకోండి. టేపుతో కొలుచుకుంటే ఇంకా మంచిది. దవడలు, మెడ రెండూ జారాయని రాశారు కనుక మీ చర్మం కొంచెం ఎక్కువే జరగవలసి ఉంటుందని నా ఊహ. ముఖం చూడకుండా అంతకు మించి చెప్పడం తప్పు.

మూడో పద్ధతి కూడా ఉంది. కణత పైకి వెళ్లకుండా, చెవి ముందున్న కుచ్చు కింద అడ్డంగా చిన్న కోత పెడతారు. చెంప పైభాగం పెద్దగా జారని వారికి ఇది సరిపోతుంది. కుచ్చు ఉన్న చోటే ఉంటుంది.

జుట్టు దగ్గర కోత ఎక్కడ పెట్టారన్నది ఎంత ముఖ్యమో, కత్తిని ఎంత వాల్చారన్నదీ అంతే ముఖ్యం. వెంట్రుకలు చర్మంలోంచి నిలువుగా లేవవు, ఏటవాలుగా వస్తాయి. జుట్టు లోపల కోసేటప్పుడు కత్తిని అదే వాలులో పట్టుకోవాలి. నిలువుగా దించితే కోతకు అటూ ఇటూ ఉన్న కుదుళ్లు తెగి, సన్నని గీత ఉండవలసిన చోట వేలెడు వెడల్పున జుట్టు మొలవని పట్టీ మిగులుతుంది. అంచు వెంట కోసేటప్పుడు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ కావాలనే కుదుళ్లకు అడ్డంగా, బాగా వాల్చి కోస్తారు. చర్మం కింద మిగిలిన కుదుళ్లు కొన్ని నెలల తర్వాత మచ్చలోంచే వెంట్రుకలను పైకి పంపుతాయి. అప్పుడు గీతకు రెండు వైపులా జుట్టు ఉంటుంది, గీత అందులో కలిసిపోతుంది. అంచు వెంట కోస్తానన్న సర్జన్‌ను మీరు కత్తి వాలు గురించి అడగండి. చక్కగా విడమరచి చెప్పేవారైతే ఆ పని బాగా తెలిసినవారే.

చెవి ముందు భాగం గురించి మీరు అడగలేదు గానీ, నేనైతే అక్కడే ఎక్కువసేపు ఆలోచిస్తాను. చెవి రంధ్రం ముందు చిన్న బుడిపె ఉంటుంది చూశారా, కోత దానికి ముందు నుంచి దిగాలా, దాని వెనక అంచు మీదుగా లోపలికి దిగాలా అన్నది అసలు ప్రశ్న. వెనకగా దిగితే ముందు నుంచి చూసేవారికి గీత కనిపించదు, అందుకే ఆడవారికి ఎక్కువగా అదే చేస్తారు. కానీ ఆ బుడిపె మీది చర్మం పలచగా, నున్నగా ఉంటుంది. చెంప చర్మం మందం, నూగు ఉంటుంది, ఎండ తగిలి రంగు కూడా తేడాగా ఉంటుంది. చెంప చర్మాన్ని తెచ్చి బుడిపె మీద కప్పేటప్పుడు దాని అడుగు కొవ్వు తీసి పలచన చేయాలి, ఏమాత్రం బిగువు లేకుండా పరచాలి. బిగించి కుడితే బుడిపె ముందుకు లాగబడుతుంది, చెవి రంధ్రం తెరుచుకున్నట్టు కనిపిస్తుంది. చెవి ముందు సహజంగానే లోతైన ముడత ఉండి, చెంపకూ బుడిపెకూ రంగులో బాగా తేడా ఉన్నవారికి ముందు నుంచి దిగడమే నయం. ఆ ముడతలో గీత కలిసిపోతుంది. ఎటు దిగినా తిన్నగా గీసినట్టు ఉండకూడదు. చెవి వంపులను అనుసరిస్తూ మెలికలు తిరగాలి. తిన్నని గీత ఇట్టే కంటపడుతుంది, మానేటప్పుడు పొట్టిగా ముడుచుకుపోతుంది కూడా.

కింద చెవితమ్మె దగ్గర ఇంకో జాగ్రత్త. తమ్మె చెంపను కలిసే చోట తమ్మె వైపు ఒకటి రెండు మిల్లీమీటర్ల పాత చర్మం వదిలి కోస్తారు, ఆ మడత సహజంగా మిగలాలని. చెంప బరువంతా తమ్మెకు తగిలించి కుడితే కొన్ని నెలల్లో అది కిందికి సాగి, దవడకు అతుక్కున్నట్టు అయిపోతుంది. మన ఆడవాళ్ల తమ్మెలు బుట్టకమ్మల బరువుకు ముందే సాగి ఉంటాయి. మీ పోగు రంధ్రం కూడా సాగి ఉంటే సర్జన్‌కు చూపించండి, అవసరమైతే దాన్నీ సరిచేయించుకోవచ్చు. పెళ్లిలో బరువైన కమ్మలు పెట్టుకోవాలనుకుంటే తమ్మె పూర్తిగా గట్టిపడే దాకా ఆగాలి. చెవికి బరువు తగలకుండా మాటీలతో జుట్టుకు ఎత్తి కట్టడం మన పెద్దవాళ్ల పద్ధతి, అది మీకు ఇప్పుడు బాగా పనికొస్తుంది.

చెవి వెనక భాగానికి వద్దాం. జడ వేసుకునేవారికి అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం చూసి సంతోషించాను, సర్జన్‌కు చాలామంది చెప్పని సంగతి అది. జుట్టు విరబోసుకునేవారికి చెవి వెనక ఏ గీత ఉన్నా కప్పబడుతుంది. నూనె రాసి నున్నగా వెనక్కి దువ్వి జడ అల్లుకునేవారికి కణత, చెవి వెనక, మెడ మీది జుట్టు అంచు మూడూ బయటపడతాయి. పుస్తకాల్లో బొమ్మలు ఎక్కువగా విరబోసిన జుట్టును దృష్టిలో పెట్టుకుని గీసినవి. అందుకే సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు రోజూ వేసుకునే జడతోనే వెళ్లండి. పక్క నుంచి, వెనక నుంచి ఫోటోలు తీయించుకుని పట్టుకెళ్లండి.

చెవి వెనక కోత సరిగ్గా మడత అడుగున కాకుండా కాస్త చెవి మీదికి పెడతారు. మానేటప్పుడు మచ్చ కిందికి జారి మడతలోకి వచ్చి చేరుతుంది. అక్కడి నుంచి జుట్టు వైపు దాటవలసిన చోటు ఒకటి ఉంది, అక్కడ జుట్టు ఉండదు. ఎంత ఎత్తులో దాటితే అంత మంచిది, చెవి అడ్డుగా ఉంటుంది కనుక. కింద దాటితే మెడ మీద గీత పడుతుంది, జడ వేస్తే అందరికీ కనిపిస్తుంది. దాటిన తర్వాత జుట్టు లోపలికి వెళ్లాలా, అంచు వెంట దిగాలా అన్నది మెడ చర్మం ఎంత జరగాలో దాన్ని బట్టి ఉంటుంది. కొద్దిగా అయితే లోపలికి. ఎక్కువైతే అంచు వెంట, లేకపోతే మెడ వెనక జుట్టు అంచు మెట్టులా విరుగుతుంది. ఆ మెట్టు పడినవారు జడ పైకి ఎత్తి కట్టుకోలేరు, కొప్పు పెట్టుకోలేరు.

చెవి ముందు మాత్రమే చిన్న కోతతో చేస్తామని కొందరు చెబుతారు. అది మోసం కాదు. బెల్జియం సర్జన్లు టొనార్డ్, వెర్పెల్ 2002లో ప్రచురించిన మాక్స్ లిఫ్ట్ అలాంటిదే, చెవి వెనక కోత ఉండదు. మెడ పెద్దగా జారనివారికి అది చక్కని పద్ధతి. మీరు రాసినంతగా మెడ జారి ఉంటే చిన్న కోత చాలదు, మిగులు చర్మం తమ్మె వెనక కుచ్చిళ్లుగా పోగవుతుంది. ఇక దారాలతో, మచ్చే లేకుండా ఫేస్‌లిఫ్ట్ అని చెప్పేవారి దగ్గర జారిన మెడ కోసం డబ్బు పోసుకోకండి. మిగులు చర్మాన్ని కత్తిరించకుండా తగ్గించే దారం ఏదీ లేదు. మెడ కండరాలను ముందు నుంచి బిగించవలసి వస్తే గడ్డం కింద కూడా చిన్న కోత పెడతారు. దాన్ని ఉన్న ముడతలోనే పెట్టమని అడగకండి, ముడత ఇంకా లోతు పడుతుంది. కొంచెం వెనక పెట్టడమే సరైన పద్ధతి.

మచ్చ సన్నగా రావాలంటే అన్నిటికన్నా పెద్ద కారణం కోత పెట్టిన చోటు కూడా కాదు, దాని మీద పడే బిగువు. ఫేస్‌లిఫ్ట్ కొత్తది కాదు, 1901లో బెర్లిన్‌లో యూజెన్ హొలాండర్ చేసినదాన్ని మొదటిదిగా చెబుతారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు చర్మాన్నే లాగి కుట్టేవారు. బరువంతా కుట్ల మీదే పడి మచ్చలు వెడల్పయ్యేవి, చెవులు సాగేవి, కొంతకాలానికి ముఖం మళ్లీ జారేది. స్వీడన్ సర్జన్ స్కూగ్ 1974లో చర్మం కింది పొరను కూడా కలిపి ఎత్తడం చూపించారు. 1976లో ఫ్రాన్స్‌లో మిట్జ్, పెరోనీ ఆ పొరను వర్ణించి స్మాస్ అని పేరు పెట్టారు. ఇప్పుడు బిగువంతా ఆ లోపలి పొరకు ఇస్తారు. చర్మాన్ని ఊరికే పైన పరచి, మిగిలింది మాత్రమే కత్తిరిస్తారు. కాబట్టి మీరు ఇద్దరు సర్జన్లనూ ఒకే ప్రశ్న అడగండి: లోపలి పొరను ఎత్తుతారా, చర్మాన్ని మాత్రమే లాగుతారా? చర్మమే అన్నవారు కోతను ఎక్కడ దాచినా మచ్చ దాగదు.

మీ చెవి గడ్డ విషయం. గాయం హద్దు దాటి పెరిగి, ఏళ్ల తరబడి అలాగే ఉండే గట్టి బుడిపెను కీలాయిడ్ అంటాం. గాయం హద్దులోనే ఉబ్బి, నెలల్లో అణగిపోయేది వేరు. పోగు కుట్టినప్పుడు చీము పట్టి లేచిన గడ్డ ఇంకా వేరు. మీది తనంతట తాను తగ్గి ఉంటే కీలాయిడ్ కాకపోయే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే కీలాయిడ్లు వాటంతటవి పోవడం అరుదు. ఇప్పటికీ ఉంటే, లేదా ఛాతీ మీద, భుజాల మీద, టీకా గుర్తు మీద అలాంటివి ఉంటే సర్జన్‌కు కచ్చితంగా చూపించాలి. మీ తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా ఉన్నా చెప్పాలి. చెవితమ్మె, చెవి వెనక భాగం కీలాయిడ్లకు అనువైన చోట్లు, ఈ ఆపరేషన్ కోత అక్కడి నుంచే పోతుంది. నిజంగా కీలాయిడ్ ఉన్నవారికి నేనైతే ఈ ఆపరేషన్ చేయకుండా ఉండటానికే మొగ్గుతాను. దవడ వంపు కోసం చెవి వెనక జీవితాంతం పెరిగే గడ్డను కొనితెచ్చుకోవడం మంచి బేరం కాదు.

కీలాయిడ్ లేకపోయినా మన చామనఛాయ చర్మంలో మచ్చ కొన్ని నెలలు నల్లబడి కనిపించవచ్చు. మన జిల్లాల ఎండ తగిలితే ఇంకా ముదురుతుంది. కుట్లు తీసిన తర్వాత సర్జన్ చెప్పిన రోజు నుంచి సన్‌స్క్రీన్ రాసుకుని, బయటికి వెళ్లేటప్పుడు కొంగు చెవుల మీదుగా కప్పుకోండి. వీలైతే ఏప్రిల్, మే నెలల్లో ఆపరేషన్ పెట్టుకోకండి. చెమటకు ఆ కట్టుతో ఉండటం నరకం.

మీ వారికి చెప్పండి, మగవారి కోత వేరుగా ఉంటుందని. ఆడవారికి చేసినట్టు చెవి బుడిపె వెనక నుంచి దించితే గడ్డం పెరిగే చర్మం బుడిపె మీదికి వస్తుంది, రోజూ చెవి లోపల గీసుకోవలసి వస్తుంది. మగవారిలో గడ్డానికీ చెవికీ మధ్య జుట్టు లేని సన్నని పట్టీ ఒకటి ఉంటుంది. అది మిగలాలంటే బుడిపె ముందు నుంచే కోయాలి. మెడ చర్మం వెనక్కి జరిగాక చెవుల వెనక కూడా గడ్డం రావచ్చు, ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి. మగవారిలో ఆపరేషన్ తర్వాత చర్మం కింద రక్తం చేరడం కూడా ఎక్కువ, రక్తపోటు ఉంటే ఇంకా ఎక్కువ. ముఖ్యంగా ఆయన సిగరెట్ తాగితే కనీసం నెల రోజుల ముందు పూర్తిగా మానాలి. విడదీసిన చర్మంలో రక్తం చివరగా చేరేది చెవి వెనక కొసకే. పొగ ఆ కొద్దిపాటి రక్తాన్ని కూడా తగ్గించి అక్కడి చర్మాన్ని చంపేస్తుంది. 1984లో అమెరికా సర్జన్ రీస్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశీలనలో, చర్మం ఊడిపోయే ప్రమాదం పొగ తాగేవారిలో దాదాపు 12 రెట్లు ఎక్కువగా కనిపించింది. దాచిపెట్టి తాగేవారు కూడా ఉంటారు, మీరు కాస్త కనిపెట్టి చూడండి.

ఆపరేషన్ రోజున ఒకటి గమనించండి. మత్తు ఇవ్వకముందే మిమ్మల్ని కూర్చోబెట్టి, జుట్టును పాయలుగా విడదీసి రబ్బరు బ్యాండ్లు వేసి, పెన్నుతో గీతలు గీయాలి. పడుకుంటే చెంప చర్మం చెవుల వైపు జారుతుంది, అప్పుడు తీసిన కొలత కొలత కాదు. గీసిన తర్వాత అద్దం అడిగి చూసుకోండి, ఆ గీతలే రేపటి మీ మచ్చలు. జడ వేసుకున్నప్పుడు ఏది బయటపడుతుందో వేలితో చూపించమనండి. జుట్టుకు రంగు వేసుకునే అలవాటు ఉంటే కొన్ని రోజుల ముందే వేసుకోండి, ఆ తర్వాత నెలకు పైగా కుదరదు.

ఇక తలనీలాల మొక్కు. ఈ సంగతి మీ ఇద్దరు సర్జన్లకూ తెలిసి ఉండదు, వెంటనే చెప్పండి. ఎందుకంటే జుట్టు లోపల పెట్టిన కోత గుండు చేయించుకున్న రోజు తెల్లని గీతగా బయటపడుతుంది, జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి కొన్ని నెలల పాటు కనిపిస్తూనే ఉంటుంది. ఇది కూడా అంచు వెంట కోతకు కాస్త మొగ్గు చూపే కారణమే. అసలు జాగ్రత్త మరొకటి. ఈ ఆపరేషన్ తర్వాత చెవుల చుట్టూ, కణతల దగ్గర నెలల తరబడి స్పర్శ తెలియదు. కల్యాణకట్టలో క్షురకుడి కత్తి తగిలి గీసుకున్నా మీకు తెలియదు. స్పర్శ తిరిగి వచ్చి, మచ్చ మెత్తబడే దాకా గుండు వద్దు. అంతదాకా ఆగలేమనుకుంటే మూడు కత్తెరలు ఇచ్చే పద్ధతి ఆడవారికి ఉండనే ఉంది, అది చాలునా అన్నది మీరూ, మీ ఇంటి పెద్దలూ ఆలోచించుకోండి. ముందే మొక్కు తీర్చుకుని తర్వాత ఆపరేషన్‌కు వెళ్లాలంటే జుట్టు చెవులను కప్పేంత పెరగాలి.

పెళ్లికి కనీసం ఆరు నెలల ముందే ఆపరేషన్ అయిపోవాలి. వాపు రెండు మూడు వారాల్లో తగ్గినా మచ్చ రంగు సర్దుకోవడానికి అంత సమయం కావాలి. అంత గడువు లేకపోతే పెళ్లి తర్వాతకు వాయిదా వేయండి. బెంగళూరులో చేయించుకుంటే అదే రోజు అనంతపురం బయలుదేరవద్దు. రక్తం గడ్డకట్టి చేరే ప్రమాదం మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే ఎక్కువ. ఒక చెంప హఠాత్తుగా ఉబ్బి నొప్పి పెడితే వెంటనే ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లవలసి ఉంటుంది, అప్పుడు మీరు రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉండకూడదు. కుట్లు తీసేదాకా, అంటే వారం పది రోజులు, ఆసుపత్రికి దగ్గరలోనే ఉండే ఏర్పాటు చేసుకోండి. మీరు తీసుకునే మందుల చీటీ, బీపీ, షుగర్ రిపోర్టులు వెంట పెట్టుకుని, సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. గానీ దానికి సమానమైన డిగ్రీ గానీ ఉందో లేదో చూసుకుని, ముందుగా ఆ చెవి గడ్డను చూపించండి. తేదీ ఆ తర్వాతే ఖాయం చేసుకోండి.